తడిసిన ఖాళీ

పోయిన ఏడాది నా గోదాములో నిల్వ ఉన్న సరుకు ఖాళీ. గోదాము ఊరికే ఖాళీగా పడి ఉందని చెప్పడం లేదు. ఖాళీని నిల్వ చేశాను. దానికి తాళం వేశాను, పొగ పెట్టించాను, బీమా కట్టాను. ఈ రెంటికీ తేడా మొదట నాకూ తెలియలేదు. తెలిసిన తర్వాత గోడ మీది బోర్డులో మూడు నక్షత్రాలు పడ్డాయి.

మాది కంచెలపాడు. హైవే మీద వెళ్తుంటే కుడిపక్కన పెద్ద రేకుల కప్పు కనిపిస్తుంది. మా నాన్న కట్టింది. చుట్టుపక్కల రైతులు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తి అందులో పెట్టుకునేవాళ్లు. ధర బాగున్నప్పుడు తీసి అమ్ముకునేవాళ్లు. నేను ఊరి బడిలో చెప్పినంత చదువుకుని, ఆ పైన బస్తాలకు కాపలా కూర్చున్నాను. బస్తాలతో మాట్లాడే పని ఉండదు. ఆ అలవాటు మనుషుల దగ్గరికీ వచ్చింది. దానివల్ల ఏం జరిగిందో ఈ కథలో వస్తుంది.

మాట్లాడకపోవడం వల్ల లాభం వచ్చింది ఒక్కసారే. కరోనాలో జనం ఇళ్లల్లో కూర్చుని ఫోన్లలో వస్తువులు కొన్నారు. పట్నంలో చోటు చాలక ఒక ఆన్‌లైన్ కంపెనీ వాళ్లు రేకుల కప్పు వెతుక్కుంటూ మా ఊరు వచ్చారు. అద్దె ఎంతో చెప్పారు. నేనేమీ అనలేదు. ఇంకొంచెం పెంచారు. అప్పటికీ అనలేదు. ఇంకా పెంచారు. రైతుల బస్తాలన్నీ బయటికి పంపించి, వాళ్లు చెప్పినట్టు నేల మీద అద్దంలాంటి నున్నటి పూత పోయించాను. వాళ్ల బళ్లు దాని మీద చప్పుడు లేకుండా తిరుగుతుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసేవాణ్ణి. ఎక్కడికీ కదలని సైకిళ్లు డజన్లకొద్దీ వచ్చేవి. కదలనివాటిని సైకిళ్లని ఎందుకంటారో నేను అడగలేదు.

తర్వాత జనం మాస్కులు తీసేశారు. బజారుకు వెళ్లి చేత్తో తడిమి కొనడం మళ్లీ మొదలుపెట్టారు. కంపెనీ వాళ్లు ఒక వారంలో సర్దుకుని పోయారు. నాకు నున్నటి నేల మిగిలింది. నేను పంపేసిన రైతులే బస్తాలు తెచ్చారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. హమాలీలు మాత్రం ఆ నేల మీద జారకుండా గోనెలు పరుచుకుని, అడుగడుగుకీ నా వంక చూస్తూ బస్తాలు మోశారు.

సరిగ్గా అప్పుడే గిడ్డంగుల సన్నద్ధతా మండలి పుట్టింది. మాలాంటి వాళ్లందరినీ జిల్లా కేంద్రంలో ఒక హోటలుకు పిలిచి, మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, తెర మీద గీతలు చూపించారు. గీత ఒకచోట కొండెక్కింది, ఒకచోట గోతిలో పడింది. ఆ గీతే గిరాకీ అన్నారు. దాన్ని చూపించిన ఆయన పేరు కులశేఖర్. మా డివిజనుకు సన్నద్ధతాధికారి. ఇస్త్రీ నలగని మనిషి, మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉండేది.

"మహమ్మారి మనకు నేర్పిన పాఠం ఒక్కటే" అన్నారాయన. "గిరాకీ ఎటు నుంచి వస్తుందో తెలియదు. వచ్చిన రోజున మీ గిడ్డంగి నిండి ఉంటే ఆ గిరాకీ వెనుదిరుగుతుంది. కనుక సరుకుతో నిండిన గిడ్డంగి నిన్నటిది. రేపటి గిడ్డంగి ఖాళీని కలిగి ఉంటుంది."

నాకు అది సబబుగానే అనిపించింది. కంపెనీ మళ్లీ వస్తే చోటు ఉండాలి కదా అనుకున్నాను. ఇంతకీ మనసులో ఉన్నది అద్దె. పైకి మాత్రం తలాడించాను.

ప్రతి గోదాములో పావు వంతు సన్నద్ధ ఖాళీగా ఉంచాలని మొదటి నిబంధన. ఆ చోటు చుట్టూ పసుపుపచ్చ గీత గీయించారు. గీత లోపల చీపురు కూడా ఆనించకూడదు. సగం ఖాళీ ఉంచినవాళ్లకు ఒక నక్షత్రం, ముప్పావు ఉంచినవాళ్లకు రెండు, ఇంచుమించు మొత్తం ఉంచినవాళ్లకు మూడు అని తర్వాత ఉత్తరువు వచ్చింది. మా పక్క ఊరి కోల్డ్ స్టోరేజీ ఆయనకు ఒక నక్షత్రం రాగానే నాకు అన్నం సహించలేదు. వచ్చిన రైతునల్లా ఇంకోచోట చూసుకోమన్నాను. నక్షత్రాలు ఒకటి, రెండు వచ్చాయి. మూడోది వచ్చిన రోజున బోర్డుకు దండ వేయించాను.

దండ వేస్తుంటే హమాలీల మేస్త్రి ఏసోబు కింద నిలబడి చూశాడు. లోపల ఏం పెట్టారని అడిగాడు. ఖాళీ అన్నాను. దిగుమతి ఎప్పుడు జరిగిందండీ, మమ్మల్ని పిలవలేదే అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. వాళ్ల ముఠాకు పనిలేక అప్పటికి చాలా రోజులైంది.

నక్షత్రాలు వచ్చాక ఖాళీకి గౌరవం పెరిగింది. మండలి వాళ్లు ఒక సర్క్యులర్ పంపారు: "ఇకమీదట సన్నద్ధ ఖాళీని అన్ని విధములా సరుకుగానే పరిగణించవలెను. సరుకునకు వర్తించు సమస్త నిబంధనలు ఖాళీకిని వర్తించును." దాంతో ఖాళీకి రెండు తాళాలు పడ్డాయి. పురుగు పట్టకుండా మాత్రలు పెట్టి, తలుపులు మూసి పొగ వేయించాను. బీమా కంపెనీ కుర్రాడు వచ్చి అగ్ని ప్రమాదంలో ఖాళీ కాలిపోతే ఏమవుతుందో వివరించాడు. తినడానికేమీ లేక ఎలుకలు వెళ్లిపోతే, చీడ నివారణలో నా గోదాము డివిజనుకే మొదటిదని కులశేఖర్ గారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎలుకలకు చెందాలని నాకు తోచింది. తోచినట్టు చెప్పలేదు.

ఒకసారి మాత్రం అడిగాను. ఆ గిరాకీ ఎప్పుడొస్తుందండీ అని. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "రాఘవులు గారూ, మీరు సరుకు కోణంలో ఆలోచిస్తున్నారు. అవకాశ కోణంలో ఆలోచించండి. రాని గిరాకీకి సిద్ధంగా ఉండటమే అసలైన సన్నద్ధత." ఇంకేమన్నా సందేహమా అన్నారు. నేను ఊరుకున్నాను. సమావేశం వివరాల్లో 'యజమాని సంపూర్ణ అంగీకారం తెలిపిరి' అని రాయించారు. నేను ఊరుకున్న ప్రతిసారీ అలాగే రాయించేవారు.

మూడు నక్షత్రాల దగ్గర ఆగిపోవడానికి కారణం ఒక బస్తా.

అది మా అక్క సౌభాగ్యమ్మది. గోదాము కట్టినప్పుడు మా నాన్న మొదటి బస్తా అక్క చేత నైరుతి మూల పెట్టించాడు. నైరుతి బరువుగా ఉండాలని ఆయన నమ్మకం. అప్పటి నుంచి ప్రతి ఏడూ అక్క కొత్త పసుపు వచ్చాకే పాత బస్తా అక్కడి నుంచి లేస్తుంది. కంపెనీ వాళ్లు ఉన్నప్పుడు కూడా ఆ మూల బస్తా ఉంది. దాని మీద వాళ్లు ఒక స్టిక్కరు అంటించి, ఏ వస్తువో తెలియక రోజూ లెక్కలో చూపించుకునేవాళ్లు. పూర్తి ఖాళీకి నాలుగో నక్షత్రం. డివిజనులో ఎవరికీ లేదు. నాకూ ఆ నక్షత్రానికీ మధ్య ఆ ఒక్క బస్తా ఉంది.

వేసవిలో అక్క కొత్త పసుపు ట్రాక్టరు మీద వేసుకుని వచ్చింది. కౌలు చేలో పండించిన పంట. ఆ రోజుల్లో ధర పడిపోయి ఉంది. రెండు నెలలు ఆగితే తప్ప కౌలు కూడా రాదు. పసుపు ఆగాలంటే పొడిగా ఉండాలి. ఒక్కసారి తడిసిందంటే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తాళం తియ్యరా" అంది అక్క.

"లోపల ఖాళీ ఉందక్కా."

"ఉందనేగా వచ్చింది. తియ్యి."

"ఖాళీ ఉంది కాబట్టే పెట్టడానికి లేదు."

అక్క నా మొహం వంక చాలాసేపు చూసింది. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చినప్పుడు అలాగే చూసేది. ఆ తర్వాత ట్రాక్టరు అతనితో బస్తాలు ఆవరణలో దించమంది. ఏసోబు మనుషులు దించి, కింద ఇటుకలు పేర్చి, పైన బరకాలు కప్పారు. అది చూసి మిగిలిన రైతులు కూడా తెచ్చారు. వారంలో ఆవరణంతా బస్తాలతో నిండిపోయింది. మధ్యలో రెండు తాళాలతో నా ఖాళీ.

ఆ వారంలోనే నేను చేసిన ఇంకో పని ఉంది. కొత్త పసుపు వచ్చింది కనుక నైరుతి మూల పాత బస్తా లేవొచ్చు, కొత్తది పెట్టడం మాత్రం నాలుగో నక్షత్రం తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. బస్తా తీయమని ఏసోబును అడిగాను. తన నడుం పట్టేసిందన్నాడు. అతని వెనకున్న వాళ్లందరికీ అప్పుడే నడుములు పట్టేశాయి. నేనే ఎత్తుకున్నాను. నున్నటి నేల మీద కాళ్లు ఎడంగా వేసుకుంటూ, పిల్లాడు నడక నేర్చినట్టు నడిచి వస్తుంటే గుమ్మంలో అక్క ఉంది.

ఏమీ అనలేదు. పక్కకు జరిగి దారిచ్చింది. మా ఇంట్లో మాట్లాడకపోవడం నా ఒక్కడికే వచ్చిందనుకున్నాను. అక్కకూ వచ్చింది. అది నాకంటే బాగా చేతనవును.

నాలుగో నక్షత్రం తనిఖీకి కులశేఖర్ గారు వచ్చిన రోజు పొద్దున్నుంచీ ఉక్కగా ఉంది. సముద్రంలో తుపాను ఉందనీ, సాయంత్రానికి వాన పడుతుందనీ టీవీలో చెప్పారు. రైతులందరూ ఆవరణలో చేరి బరకాల అంచులు తాళ్లతో బిగిస్తున్నారు. అవి నిరుటి బరకాలు. అక్క తన బరకంలో చిరుగులు కనిపించిన చోటల్లా ప్లాస్టిక్ సంచులు కుక్కుతోంది. గాలి లేచినప్పుడల్లా ఒక సంచి ఎగిరి పోతోంది. అక్క వెళ్లి తెచ్చి మళ్లీ కుక్కుతోంది.

కులశేఖర్ గారు వాళ్ల మధ్య నుంచి బూట్లకు మట్టి అంటకుండా నడిచి వచ్చారు. తాళాలు తీశాను. లోపల చూసి ఆయన కళ్లు మూసుకున్నారు. గుడిలోలాగా ఒక్క క్షణం అలా నిలబడ్డారు. "పరిపూర్ణం" అన్నారు. ఆ మాట నాలుగు గోడలకూ తగిలి వెనక్కి వచ్చింది. నాకు ఒళ్లు పులకరించింది. ఆ పులకింతలోనే రేకు మీద మొదటి గాలి చప్పుడు వినిపించింది.

అప్పుడాయన చేతిలోని నిబంధనల పుస్తకం తిరగేశారు. ఒకచోట ఆగారు. మొహం మారింది.

"దీన్ని ఎప్పుడన్నా ఎండబెట్టారా?"

దేన్నండీ అన్నాను.

"ఖాళీని. మూడు మాసములకు మించి నిల్వ ఉన్న ఏ సరుకునైనను ఆరుబయటకు తెచ్చి ఎండ చూపవలెనని నిబంధన. ఖాళీ సరుకే కదా. మీరు ఏడాదిగా ఒక్కసారి కూడా ఎండ చూపించలేదు. లోపల ముక్కిన వాసన వస్తోంది, గమనించారా?"

ఆ వాసన పొగ మాత్రలది. చెప్పలేదు. ఎండబెట్టని ఖాళీకి నాలుగో నక్షత్రం ఇవ్వడం కుదరదనీ, ఉన్న మూడూ ప్రశ్నార్థకమవుతాయనీ ఆయన అన్నారు. ఈ రోజు దాటితే గడువు కూడా దాటుతుందన్నారు. సాయంత్రంలోగా ఖాళీ మొత్తాన్ని ఆవరణలోకి తెచ్చి పరచాలి.

ఏసోబును పిలిచాను. సంగతి విన్నాడు. గోనెను మడిచి తల మీంచి వీపు మీదికి వేసుకున్నాడు. అతని నడుం బాగైపోయింది.

"తెస్తామండీ. కొక్కెం వాడొచ్చా? చిల్లు పడితే మా మీదికి వస్తది."

కులశేఖర్ గారు పుస్తకం చూసి, కొక్కెం వాడరాదన్నారు.

మొదటి విడత ఖాళీ గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆవరణలో అడుగు మోపే చోటు లేదు. ఎటు చూసినా బస్తాలు. కులశేఖర్ గారు గుమ్మంలో నిలబడి వాటిని మొదటిసారిగా చూశారు.

"ఇవేమిటి?"

"పసుపండీ" అన్నాడు ఏసోబు.

"ఖాళీ ఆరబోయవలసిన స్థలంలో పసుపు ఎందుకుంది?"

తూర్పున మబ్బు నల్లబడి కిందికి దిగింది. ఆయన గడియారం చూసుకున్నారు. ఈ బస్తాలన్నీ వెంటనే తొలగించి స్థలం అప్పగించాలన్నారు. ఎక్కడికని వెనక నుంచి ఒక రైతు అడిగాడు. "అది మండలి పరిధిలోని విషయం కాదు. హైవే పక్కన విశాలమైన స్థలం ఉంది." తర్వాత నా వైపు తిరిగారు. "యజమానికి అభ్యంతరం లేదు కదా?"

అలవాటు ప్రకారం నేను ఊరుకున్నాను. ఆయన జేబులో కలం తీశారు. నా అంగీకారం రాసుకోబోతున్నారు. హైవే పక్కన అంటే కాలువ గట్టు, పల్లం. మొదటి వానకే మోకాలి లోతు నీళ్లు నిలబడతాయి. అక్క వంక చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు. బరకంలోంచి ఎగిరిన సంచి ఒకటి చేత్తో పట్టుకుని మబ్బును చూస్తోంది.

"లోపల పెడదామండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏడాదిలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన కలం ఆగింది.

"లోపలా? సన్నద్ధ ఖాళీపై ఏ సరుకూ ఉంచరాదని మీకు తెలియదా?"

"ఖాళీ బయటికి తెచ్చేస్తున్నాం కదండీ."

తెలివితో అన్నానని ఎవరన్నా అనుకుంటే అది పొరపాటు. భయంతో నోటికొచ్చింది అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. కానీ ఆయన ఆలోచనలో పడ్డారు. పుస్తకం ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు. లోపలికి వెళ్లి నాలుగు మూలలూ చూసి వచ్చారు. చివరికి తల పంకించారు.

"నిజమే. ఖాళీని ఆరుబయటకు తరలించిన పిమ్మట లోపల ఖాళీ ఉండదు. ఖాళీ లేనిచోట నిబంధన వర్తించదు. కనుక అభ్యంతరం లేదు. త్వరగా కానివ్వండి, మీ సరుకు వల్ల మా సరుకు ఆలస్యమవుతోంది."

ఆ గంటలో జరిగిన పని మా గోదాములో ఎన్నడూ జరగలేదు. ఏసోబు ముఠా ఒక్కొక్కరూ బస్తాతో లోపలికి వెళ్లి, రెండు చేతులూ భుజం మీద ఆనించి ఖాళీతో వంగి బయటికి వచ్చారు. బస్తా దించిన చోట గోనె పరుచుకుని మళ్లీ పరిగెత్తారు. వట్టి చేతులతో నడిచినవాడు లేడు. రెండు వైపులా కూలి రాయాలని ఏసోబు దారిలోనే కులశేఖర్ గారిని ఒప్పించాడు. ఆయన ఆవరణ మధ్యలో నిలబడి, ఖాళీని పలచగా పరవమనీ, మందంగా వేస్తే అడుగు ఆరదనీ చెబుతున్నారు. రైతులు కూడా చేతులు కలిపారు. ఖాళీని చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. నవ్వితే బస్తా జారుతుంది.

చివర అక్క బస్తా ఒకటి మిగిలింది. నైరుతి మూలకు వెళ్లాల్సింది. ఏసోబు దాని మీద చెయ్యి వెయ్యబోతే అక్క వద్దంది.

"తీసినోడు పెడతాడు."

ఎత్తుకున్నాను. ఈసారి గోనెలు పరిచి ఉన్నాయి కానీ నైరుతి మూలకు రెండు అడుగుల ముందు అవి అయిపోయాయి. ఆ రెండు అడుగుల్లోనే జారాను. బస్తా వెళ్లి సరిగ్గా మూలలో కూర్చుంది. నేను దాని పక్కన కూర్చున్నాను. గుమ్మంలోంచి అక్క నవ్వు వినిపించింది. నా వల్ల చాలా నెలల తర్వాత వచ్చిన నవ్వు. లేవబుద్ధి కాలేదు.

తలుపులు మూశామో లేదో వాన దిగింది. రేకుల మీద పెద్ద పెద్ద చినుకులు. లోపల పసుపు వాసన. బయట కులశేఖర్ గారు ఒక్కరే గొడుగు కింద నిలబడి, "కప్పండి, కప్పండి" అని అరుస్తున్నారు. ఏసోబు, పాపం, ఖాళీ అయిన బరకాలన్నీ తీసుకెళ్లి ఆవరణలో పరిచాడు. అప్పటికే ఆలస్యమైంది. ఏడాదిగా దాచిన ఖాళీ మొత్తం తడిసి ముద్దయింది.

మర్నాడు పంచనామా జరిగింది. ఆవరణలో నిలిచిన నీళ్లను కొలిచారు. అడుగున ఉన్న ఖాళీ కూడా పనికి రాదని తేల్చారు. సాక్షిగా ఏసోబు సంతకం పెట్టాడు. ఎండిన తర్వాత వాడుకోవచ్చేమోనని నేను అడిగాను. ఒకసారి తడిసిన ఖాళీని గిరాకీ అంగీకరించదని కులశేఖర్ గారు చెప్పారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. నాకు కూడా కాస్త బాధ అనిపించింది. బోర్డు మీది మూడు నక్షత్రాలూ ఆయనే స్వయంగా గోరుతో గీకి తీశారు. మూడోది సగం మిగిలిపోయింది. రోజూ పొద్దున దాన్ని చూస్తాను.

నెల తర్వాత మండలి నిర్ణయం వచ్చింది. ఖాళీ సంరక్షణలో తీవ్ర నిర్లక్ష్యం వహించినందున మూడు సంవత్సరముల పాటు నేను ఖాళీ నిల్వ చేయుటకు అనర్హుణ్ణి. ఈ కాలమంతయు నా గిడ్డంగిలో కేవలము సరుకు మాత్రమే ఉంచవలెను. అప్పటికి పసుపు ధర లేచింది. రైతులు బస్తాలు తీయించుకోవడానికి ట్రాక్టర్లు కట్టుకుని వస్తున్నారు. తీసిన చోట మొక్కజొన్న పెట్టుకోవచ్చా అని వెనక నుంచి ఇంకొకళ్లు అడుగుతున్నారు.

ఆ నిర్ణయం అక్కకు చదివి వినిపించాను. అక్క నైరుతి మూల బస్తా మీద కూర్చుని శ్రద్ధగా వింది. అంతా అయ్యాక అడిగింది.

"మూడేళ్లేనా?"

"మూడేళ్లే."

"నోరు తెరిచి ఇంకో రెండేళ్లు అడగలేకపోయావంట్రా?"